అయస్కాంతానికి అంటని స్టీలు

"చూడన్నా, కండ్లు పెద్దవి చేసుకుని చూడు. అంటుకుంటాందా?"

ఆదినారాయణ అయస్కాంతాన్ని కూలిన స్టాండు కాలికి ఆనించి చెయ్యి వదిలేశాడు. అది జారి ఓబయ్య పాదం మీద పడింది. పడి ఊరుకుందా, చెప్పు మీది ఇనుప బకిలును కరుచుకుని కూర్చుంది.

"అంటుకోలేదు గదా? మరింకేం? అసలైన స్టీలు!"

"ముందు దీన్ని నా చెప్పు మీంచి తియ్యి," అన్నాడు ఓబయ్య పండ్లు నూరుతూ.

నిన్నటి నుంచి డిటెక్టివ్ ఓబయ్యకు ఇది ఎన్నో అయస్కాంతమో లెక్క తప్పింది. ఫ్యాక్టరీ గేటు కాడ వాచ్‌మన్ చూపించాడు. గుమాస్తా చూపించాడు. ఆఖరికి టీ అంగడివాడు కూడా జేబులోంచి ఒకటి తీసి, "నేనూ పెట్టి చూసినా సార్, మంచి స్టీలే" అన్నాడు. నంద్యాలలో అయస్కాంతం లేని ఇల్లు లేదు. పాడైపోయిన రేడియో స్పీకరులోంచి పీకిన ముక్కను కొంగున ముడేసుకునే ఆడవాళ్ళు గిన్నెల అంగడికి పోతారు. అంటితే ఇనుము, అంటకపోతే స్టీలు. అక్కడితో శాస్త్రం సమాప్తం. మనిషి చచ్చిపోయిన కేసులో కూడా అదే శాస్త్రమా అని ఓబయ్యకు ఒళ్ళు మండిపోతోంది.

జరిగింది ఇదీ. లక్ష్మీనారాయణ గారి ఫ్యాక్టరీలో అన్నం తినే ఇనుప తట్టల మీద, అంటే పళ్ళేల మీద, పింగాణీ పూత పూసి, వాటిని స్టాండుకు పేర్చి, కొలిమిలోకి తోస్తారు. ఎనిమిది వందల యాభై డిగ్రీల వేడిలో పూత కరిగి తట్టకు పట్టుకుంటుంది. సోమవారం పొద్దున ఎర్రగా కాలిన స్టాండు కొలిమిలోంచి బయటికొస్తూ కాళ్ళు మడిచి కూలిపోయింది. తట్టలతో సహా దాన్ని కొక్కెంతో లాగుతున్న మద్దిలేటి మీద పడింది. ఆసుపత్రికి చేరేలోపల అతని ప్రాణం పోయింది. అక్క ఊరైన ఆళ్ళగడ్డలో అతణ్ణి మట్టి చేశారు. కొలిమికి మంట పెట్టే జకరయ్య నిర్లక్ష్యంగా వేడి పెంచి మనిషిని చంపాడని, మట్టి నుంచి తిరిగి రాగానే పోలీసులు అతణ్ణి లోపల వేశారు. రేపు కోర్టులో నిలబెడతారు. జకరయ్య భార్య రూతు వచ్చి ఓబయ్య గుమ్మంలో కూర్చుని, "మా ఆయన చీమను గూడా తొక్కడు సార్" అని ఏడ్చింది. అట్లా ఈ కేసు ఓబయ్య మెడకు చుట్టుకుంది.

యజమాని లక్ష్మీనారాయణ తన తరఫున కర్నూలు నుంచి ఆదినారాయణను పిలిపించుకున్నాడు. ఒకప్పుడు ఓబయ్య దగ్గరే బూట్లు అరిగేలా తిరిగి పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు సఫారీ సూటు, నల్ల కళ్ళద్దాలు, యజమాని జీపు. ఓబయ్యకు చూడగానే కడుపులో మంట మొదలవుతుంది.

"నేను పొద్దునే పోలీసులకు రాసిచ్చేసినా," అన్నాడు ఆదినారాయణ అయస్కాంతాన్ని జేబులో వేసుకుంటూ. "స్టాండు మంచి స్టీలు. మంచి స్టీలు కూలిందంటే మంట మితిమీరిందని అర్థం. మంట పెట్టింది జకరయ్య. కేసు అయిపాయె. ఇంటికి పోయి అన్నం తిను."

"మంచి స్టీలంటే ఏ స్టీలు?"

"స్టీలంటే స్టీలేగదన్నా!"

"ఓహో. అన్నం తినే తట్టా, కొలిమిలో నిలబడే స్టాండూ ఒకటే. మరి మీ అయ్యగారు కొలిమి కోసం మద్రాసు నుంచి స్టీలు తెప్పించడమెందుకు? గిన్నెల అంగట్లో నాలుగు తట్టలు కొని అతికించుకోకపోయినాడా?"

"నీకు వయసు మీద పడిందన్నా. ఊరికే కోపమొస్తాంది," అని నవ్వి ఆదినారాయణ జీపు వైపు నడిచాడు.

వయసు కాదు, గొంతు మండుతోంది. నిన్న సాయంత్రం ఓబయ్య మద్రాసులో ఆ స్టీలు అమ్మిన కంపెనీకి ట్రంకాలు చేశాడు. లైను గరగరమంటుంటే అవతల ఇంజనీరు అరిచాడు, ఇవతల ఇతను అరిచాడు. ఆ అరుపుల్లో తేలిన సంగతి చిన్నదే. గిన్నెల స్టీలులో క్రోమియం పద్దెనిమిది పాళ్ళు, నికెల్ ఎనిమిది. కొలిమి స్టీలు వేరు. దాని పేరు మూడు వందల పది. అందులో క్రోమియం ఇరవై అయిదు, నికెల్ ఇరవై. కాల్చి చల్లార్చి, కాల్చి చల్లారుస్తూ ఉంటే గిన్నెల స్టీలు మీది పొర పెచ్చులు పెచ్చులుగా రాలిపోతుంది. ఎర్రగా కాలినప్పుడు బరువు పెడితే మెత్తబడి వంగుతుంది. మూడు వందల పది మీది పొర మాత్రం పలచగా, గట్టిగా, చర్మంలా పట్టుకునే ఉంటుంది. ఇక అయస్కాంతమంటారా, రెండింటికీ అంటదు. "కాబట్టి అయస్కాంతం దండగ!" అని మద్రాసు ఇంజనీరు అరిచిన అరుపు ఓబయ్య చెవిలో ఇంకా మోగుతోంది.

అతను కొలిమి ముందు గొంతుక్కూర్చున్నాడు. కూలిన తట్టలు గుట్టగా పడి ఉన్నాయి. ఒకటి తీసి తుడిచాడు. తెల్లటి తట్ట, చుట్టూ నీలం అంచు. రెండోది తీశాడు. మూడోది.

"యేసుదాసూ!" అని కేకేశాడు.

సూపర్‌వైజర్ యేసుదాసు భయం భయంగా వచ్చాడు. సన్నటి మనిషి. ఏ మాట చెప్పినా ముందు అటూ ఇటూ చూసి చెప్పే రకం.

"వేడి మితిమీరితే ఈ నీలం అంచు ఏమవుతాది?"

"తెల్ల దాంట్లోకి కారిపోతాది సార్. మాడి నల్లగయితాది."

"కారిందా?"

యేసుదాసు తట్టను తిప్పి తిప్పి చూశాడు. గీత గీసినట్టు నీలం నీలంగానే ఉంది, తెలుపు తెలుపుగానే ఉంది. "లేదు సార్," అన్నాడు నెమ్మదిగా.

"మరి ఆ సంగతి పోలీసులకు చెప్పలేదేం?"

"నన్నెవురూ అడగలే సార్."

ఓబయ్యకు తట్ట తీసి నేలకేసి కొడదామనిపించింది. ఇంత మంది చదువుకున్నవాళ్ళు, ఇన్ని అయస్కాంతాలు! రుజువేమో అన్నం తట్ట అంచు మీదే కూర్చుని ఉంది. వేడి పెరగలేదు. అంటే జకరయ్య మంట తప్పు కాదు. తప్పు స్టాండుది.

జేబులోంచి చాకు తీసి స్టాండు కాలు గీకాడు. ఉల్లిపొరల్లాగా పెచ్చులు రాలి అరచేతిలో పడ్డాయి. పెరట్లో మూలన పడేసిన పాత స్టాండును కూడా గీకాడు. అది ఎనిమిదేళ్ళు ఇదే కొలిమిలో నిలబడింది. అంతకాలం వేడి తిన్నాక పెళుసెక్కి, ఒకరోజు చల్లగా ఉన్నప్పుడు చేజారి పుటుక్కున విరిగితే కొత్తది చేయించారు. దాని మీద చాకు కీచుమంది తప్ప పెచ్చు లేవలేదు.

మళ్ళీ కొత్త స్టాండు దగ్గరికొచ్చి దాని బద్దలు ఒక్కొక్కటే తడిమాడు. ఒకటి రెండు వేళ్ళ వెడల్పు, ఇంకొకటి మూడు వేళ్ళు. అన్నీ అతుకులే. ఒక బద్ద అంచు తిన్నగా లేదు. నెలవంక ఆకారంలో లోపలికి కొరికినట్టుంది. పక్క బద్దకు కూడా అదే వంపు.

ఇందాక తుడిచిన తట్టను తెచ్చి ఆ వంపులో పెట్టి చూశాడు. అతికినట్టు సరిపోయింది.

రేకులోంచి గుండ్రంగా తట్టలు కోసుకోగా మిగిలిన తుక్కు ఇది. గిన్నెల కార్ఖానా తుక్కు. ఆదినారాయణను వెక్కిరించడానికి ఏ మాటన్నాడో ఆ పని నిజంగానే ఎవరో చేశారు.

"మద్రాసు నుంచి వచ్చింది బద్దలా, పెద్ద షీటా?"

"షీటు సార్. ఒకే ముక్క. నున్నగా, మందంగా ఉండె."

"స్టాండు ఎక్కడ చేయించినారు?"

"ఆళ్ళగడ్డలో. మద్దిలేటి వాళ్ళ అక్క మొగుడు వెల్డింగు చేస్తాడు. మద్దిలేటి, జకరయ్య ఇద్దరూ షీటు తీసుకపోయి, స్టాండు చేయించుకోనొచ్చినారు. నేను చెక్ చేసే తీసుకున్నా సార్," అంటూ యేసుదాసు జేబులో చెయ్యి పెట్టాడు.

"అయస్కాంతం బయటికి తీసినావంటే చెయ్యి విరగ్గొడతా," అన్నాడు ఓబయ్య.

యేసుదాసు చెయ్యి జేబులోనే ఉండిపోయింది. పోతూ పోతూ ఒక మాట మాత్రం చెప్పాడు. "మా అయ్యగారు మంచోడే సార్. మద్దిలేటి భార్య యశోదమ్మకు ప్యాకింగులో పని ఇస్తానని, ఇప్పుడుండే క్వార్టర్సు గదిలోనే ఉండమని, మట్టి కాడ అందరి ముందరే చెప్పినాడు. మద్దిలేటి అంత నమ్మకమైనోడు గదా."

స్టేషన్‌లో జకరయ్యను కలవడానికి పావుగంట ఇచ్చారు. ఆ పావుగంటలో ఓబయ్యకు రక్తపోటు వచ్చినంత పనయ్యింది.

"మంట ఎక్కువ పెట్టినావా?"

"పెట్టినానేమోప్పా."

"ఏమో ఏంది? నువ్వు పెట్టలేదని తట్టలు చెప్తాండాయి. నీ నోరు ఎందుకు చెప్పదు?"

జకరయ్య కటకటాల వెనక గోడకానుకుని నేల చూస్తూ కూర్చున్నాడు. నలభై దాటిన మనిషి. కొలిమి ముందు బతికి బతికి కనుబొమలు సగం కాలిపోయాయి.

"షీటు యాడికి పోయింది?"

"తెల్దు."

"స్టాండు తుక్కుతో చేసినారని తెలుసా?"

"తెల్దు."

"మద్దిలేటి నీకేమవుతాడు?"

"నాతోపాటు పని చేస్తాండె. అంతే."

అంతేనట! పదేళ్ళుగా ఇద్దరూ ఒకే క్యారియర్లో కలిసి తిన్నారని రూతు చెప్పింది. ఆదివారం పూట చర్చి అయిపోగానే జకరయ్య మద్దిలేటి గదికి పోయి, యశోదమ్మ చేతి సంగటి తినందే ఇంటికి వచ్చేవాడు కాడట. అట్లాంటి మనిషి పోతే వీడికి అంతేనా? ఓబయ్య కటకటాలు పట్టుకుని ఊపాడు. "నాయనా, నీ పెండ్లాం నా గుమ్మం ముందర కూర్చోని ఏడుస్తాంది. నేను నిన్ను బయటికి తీయల్లని చూస్తాండా. నువ్వు లోపలికి పోవల్లని చూస్తాండావ్. మన ఇద్దరిలో ఎవరికి పిచ్చి?"

జకరయ్య కుడిచేతి వేలితో నేల మీద గీతలు గీస్తున్నాడు.

ఓబయ్య దృష్టి అతని కుడిచేతి మీద పడింది. అరచేతిలో పాత కాలిన మచ్చలు సరే. అవి కాక, వేళ్ళ మొదళ్ళలో వరసగా కొత్త బొబ్బలున్నాయి.

"చేతికేమాయె?"

"కాలినాది."

కాలితే బొబ్బలు బారులు తీరవు. పట్టుకోవడం అలవాటు లేని పనిముట్టేదో గంటలకొద్దీ పట్టుకుని రుద్దిన చెయ్యి అది. ఓబయ్య ఆ మాట అనలేదు. లేచి పంచె దులుపుకుంటూ, "సరే. నువ్వు చెప్పకపోతే పాయె. ఆళ్ళగడ్డకు పోతాండా," అన్నాడు.

జకరయ్య దిగ్గున లేచి నిలబడ్డాడు.

"ఆళ్ళగడ్డకా? ఆడికెందుకప్పా? ఆడేముండాది?"

పావుగంటలో ఆ మనిషి నోట వచ్చిన ప్రాణమున్న మాట అదొక్కటే. ఓబయ్య బస్సెక్కాడు.

ఆళ్ళగడ్డలో మద్దిలేటి అక్క రామలక్ష్మమ్మ ఇల్లంటే మరమరాలు వేయించే బొరుగుల బట్టి అని అందరూ చూపించారు. ముందర వెల్డింగు కొట్టం, వెనక బట్టి. కొట్టంలో మొగుడు లేడు. బట్టిలో మంట లేదు. మంటకు వాడే వేరుశనగ బుడ్డల పొట్టు గుట్టగా పోసి ఉంది, రెండు బొరుగుల మూటలు కుట్టి ఉన్నాయి. రామలక్ష్మమ్మ గోడకానుకుని కూర్చుని ఉంది. యాభై దాటిన గట్టి మనిషి.

"బొరుగులు కావల్లంటే తీస్కపో. ఓదార్పు మాటలైతే చాలా మంది చెప్పినారు."

"మీ ఆయన యాడికి పోయినాడమ్మా?"

"సంజామలకు పోయి దాక్కోనుండాడు. పోలీసులంటే భయం. నువ్వూ పోలీసువేనా?"

"నేను పోలీసును కాను. జకరయ్య తరఫున వచ్చినా."

ఆ పేరు వినగానే ఆమె మొహం తిప్పేసుకుంది. ఓబయ్య అడక్కుండానే కొట్టమంతా తిరిగాడు. మూలన గోనెసంచి ఉంది. దాంట్లో చెయ్యి పెడితే నెలవంక అంచుల స్టీలు బద్దలు గలగలమన్నాయి. బట్టి పక్కన గోడకు ఇనుప బాణళ్ళు వేలాడదీసి ఉన్నాయి. దేనికీ అడుగు లేదు. పొట్టు మంట తినేసి చిల్లులు పడినవి. వాటి కింద నేల మీద ఒక బాణలి బోర్లించి ఉంది. మందంగా ఉంది, దానికి చిల్లు కాదు గదా సొట్ట కూడా లేదు. అడుగున నల్లగా పలచటి పొర. చాకుతో గీకాడు. చాకు కీచుమంది, పెచ్చు లేవలేదు.

అంచు దగ్గర మసి తుడిస్తే కంపెనీవాళ్ళు గుద్దిన అంకెలు బయటపడ్డాయి. మూడు, ఒకటి, సున్నా.

మద్రాసు నుంచి కొలిమి కోసం వచ్చిన షీటు ఆళ్ళగడ్డలో బొరుగులు వేయిస్తోంది!

ఓబయ్య బాణలిని రెండు చేతులా ఎత్తి తిరగేశాడు. చెవి పక్కన చుక్కలు చుక్కలుగా పేరు కొట్టి ఉంది. స్టీలు వస్తువు మీద పేరు కొట్టించకుండా ఈ ప్రాంతంలో ఎవరికీ నిద్రపట్టదు. చెంచా మీద కూడా కొట్టిస్తారు. దొంగిలించిన షీటు మీద కూడా కొట్టిస్తారని మాత్రం ఓబయ్య ఇప్పుడే చూశాడు. వంగి చదివాడు.

జకరయ్య.

అతను బొరుగుల మూట మీద కూర్చుండిపోయాడు. తను విడిపించాలని తిరుగుతున్న మనిషే దొంగ. వాడు నోరు విప్పలేదంటే విప్పడా మరి? రూతుకు ఏం మొహం చూపించాలి? నీలం అంచులనీ, ఉల్లిపొరలనీ రెండు రోజులు కిందా మీదా పడింది దీనికోసమా? ఓబయ్య పట్టలేని కోపంతో ఆ బాణలిని తన్నబోయాడు.

కాలు గాల్లోనే ఆగింది. పేరుకు ఎడమ పక్కన బెత్తెడు మేర మాత్రం మెరుస్తోంది. చుట్టూ అంతా నల్లటి పొర, అక్కడ మాత్రం అప్పుడే ఆకురాయి పెట్టి రుద్దినట్టు తెల్లటి గీతలు. గట్టి స్టీలు. రుద్దినవాడి చెయ్యి బొబ్బలెక్కే ఉంటుంది.

"అమ్మా," అన్నాడు ఓబయ్య. "ఈడ ఇంకో పేరుండాల. జకరయ్య దాన్ని అరగదీసినాడు. మట్టి చేసేదానికి వచ్చినప్పుడే గదా?"

రామలక్ష్మమ్మ అప్పటిదాకా పట్టుకున్న ఏడుపు కట్ట తెగింది.

"నేను చెప్పలేదా సామీ? వద్దురా అంటే వినకపాయె. మా ఆయన ఆకురాయి తీసుకోని జకరయ్య రాత్రంతా గీకినాడు, గీకుతా ఏడ్చినాడు. నా బాండ్లి మూన్నెల్లకొకటి చిల్లు పడతాంటాది సామీ. ఆ పొద్దు ఇద్దరూ షీటు తెచ్చినారు. మా మద్దిలేటి షీటును చూసి, ఇంత మంచి ముక్కను బద్దలు బద్దలు కోసి స్టాండు చేసేదెందుకు, బద్దలైతే గిన్నెలోళ్ళ కాడ సంచిలు సంచిలు ఉండాయి గదా అన్నాడు. జకరయ్య అయస్కాంతం తీసి దీనికీ పెట్టినాడు, దానికీ పెట్టినాడు. రెండిటికీ అంటలే. ఒకటే స్టీలక్కా, ఎవురికీ నష్టం లేదు అన్నాడు. నవ్వుకున్నారు. బాండ్లి అయినాంక నేనే ఇద్దరు తమ్ముళ్ళ పేర్లూ కొట్టిచ్చినా."

"మరి మద్దిలేటి పేరొక్కటే ఎందుకు గీకినాడు?"

"మద్దిలేటిని దొంగ అంటే యశోదకు ఇస్తామన్న పనీ పోతాది, గదీ పోతాది. పిలకాయల్నేసుకోని యాడికి పోతాది? అడిగితే నేనొక్కడినే తెచ్చిచ్చినానని చెప్పక్కా, దేవుని మీద ఒట్టు అని చేతిలో చెయ్యి ఏయించుకున్నాడు."

ఓబయ్య తల పట్టుకున్నాడు. చంపినవాడు లేడు. మోసం చేసినవాడు కూడా లేడు. ఇద్దరు అమాయకులు, ఒక అయస్కాంతం. వాళ్ళిద్దరిలో ఒకడు స్టాండు కింద పడి చచ్చిపోయాడు, రెండోవాడు కోర్టుకు పోయి చావాలనుకుంటున్నాడు. "బుద్ధుండల్ల, మనిషికి బుద్ధుండల్ల!" అని గొణుక్కున్నాడు. ఎవరిని తిడుతున్నాడో అతనికే తెలియలేదు. కళ్ళు మాత్రం చెమర్చాయి.

బయట జీపు ఆగిన చప్పుడయ్యింది.

"అలసిపోవద్దన్నా!" అంటూ ఆదినారాయణ కొట్టంలోకి వచ్చాడు. "నువ్వు బస్సెక్కిన గంటకే జకరయ్య ఒప్పుకున్నాడు. స్టీలు నేనే మార్చినా, ఒక్కడినే, అసలు షీటు ఆళ్ళగడ్డలో అమ్ముకున్నా అని వేలిముద్ర కూడా వేసినాడు. మనోడి నోరు తెరిపించింది నువ్వేనంట గదా. థ్యాంక్స్!"

ఆళ్ళగడ్డకు పోతున్నానని తను అన్న ఒక్క మాటకు ఆ పిచ్చివాడు ముందే ఉరితాడు మెడకేసుకున్నాడు.

"పొద్దున స్టాండు మంచి స్టీలని రాసిచ్చినావే?"

"పొద్దుటి మాట పొద్దుటికే చెల్లు. ఇప్పుడు ఇంకా మంచి మాట దొరికింది." ఆదినారాయణ బాణలి చూశాడు. అలవాటు కొద్దీ అయస్కాంతం తీసి ఆనించాడు. అది జారి కింద పడింది. పేరు చదివి చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "వాడి పేరు వాడే కొట్టించుకున్నాడు! నిర్లక్ష్యం కాదన్నా ఇంక. నాసిరకం అని తెలిసి తెలిసి పెట్టి మనిషిని చంపినాడని రాస్తారు. బాణలి జీపులో ఎక్కిస్తాండా."

"తెలిసి పెట్టలేదు."

"రుజువు?"

రుజువు ఓబయ్య కళ్ళ ముందే ఉంది. అరగదీసిన ఆ బెత్తెడు జాగాలో ఉంది. తుక్కుతో స్టాండు చేద్దామన్నవాడే రోజూ ఆ స్టాండు ముందు నిలబడి లాగాడు. నాసిరకం అని తెలిసినవాడు దాని కింద తలకాయ పెడతాడా? మద్దిలేటి పేరు చెబితే జకరయ్య హంతకుడు కాడు. చెబితే యశోదమ్మ పిల్లలతో వీధిలో ఉంటుంది. మద్దిలేటి తనకు ఎవరూ కాడు. ఆ పేరు చెప్పే హక్కు తనకుందా?

రామలక్ష్మమ్మ కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

"సామీ," అంది ఓబయ్యతో. "ఆ పేరు చెప్తే మా జకరయ్య బయటికొస్తాడా?"

"అబద్ధం చెప్పనమ్మా. షీటు సంగతికి శిక్ష పడితే పడొచ్చు. కానీ చంపినాడనే మాట మాత్రం నిలబడదు."

"యశోద పని?"

"పోవచ్చు."

ఆమె గోడకు వేలాడుతున్న చిల్లుల బాణళ్ళ వైపు చూసింది. ఒకదాన్ని దించి, చిల్లులో వేలు పెట్టి చూసి, పక్కన పెట్టింది. "దీనికి మా ఆయన అతుకేస్తాడు. బట్టి కాడ ఇద్దరు ఆడోళ్ళం బతకలేమా? యశోదను ఈడికే తెచ్చుకుంటా." "ఒక తమ్ముణ్ణి మట్టిలో పెట్టొచ్చినా. ఇంకోణ్ణి పెట్టను. ఒట్టు పోతే పోనీ."

ఆమె స్టీలు బాణలిని ఎత్తి ఆదినారాయణ మొహం ముందు పెట్టింది. మెరుస్తున్న జాగా మీద వేలు పెట్టింది.

"ఈడ ఇంకో పేరుండె. మద్దిలేటి. నా తోడబుట్టినోడు. షీటు నాకిచ్చింది వాడు, తుక్కు ఏరుకొచ్చింది వాడు, దాని కిందనే పడి సచ్చింది వాడు. దొంగ కాదు, ఏమీ తెలియనోడు. రాసుకో."

ఆదినారాయణ నల్ల కళ్ళద్దాలు తీశాడు. పెన్ను చేతిలోనే ఉంది, అది కదలలేదు.

"రాయి నాయనా," అన్నాడు ఓబయ్య. "స్టీలంటే స్టీలే అని పొద్దున రాసినావే, ఆ చేత్తోనే రాయి."

రామలక్ష్మమ్మ ఆ రాత కోసం కాచుకోలేదు. బాణలిని తలకెత్తుకుని, వాకిలి దాటి, జీపు వెనక సీట్లో ఎక్కి కూర్చుంది.